చిరునామా మాత్రమే రాసిన వాగ్దానాలు

వైజాగ్ ఓడ వచ్చిన వారంలో బెల్లం కొనడానికి నేనే పోర్ట్‌బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్‌కి వెళ్తానని ఇంట్లో పట్టుబట్టేదాన్ని. నలుగురున్న చోటికి వెళ్లమంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునే పిల్ల బజారుకి వెళ్తానంటుందేమిటా అని అమ్మ ఆశ్చర్యపోయేది. నాకు కావలసింది బెల్లం కాదు, బెల్లం కట్టే కాగితం. మద్రాసు ఓడ వస్తే పొట్లాలకి తమిళ కాగితాలు, కలకత్తా ఓడ వస్తే బెంగాలీ కాగితాలు. వైజాగ్ ఓడ నెలల తరబడి వచ్చేది కాదు. వచ్చినప్పుడు మాత్రం సరుకుల మధ్య తెలుగు కాగితాలు వచ్చేవి. సినిమా బొమ్మలున్న కాగితం వద్దని, అక్షరాలు నిండుగా ఉన్నది కావాలని చెప్పడానికి నాకు ధైర్యం చాలేది కాదు. "భయ్యా, దూసరా కాగజ్" అని వేరే కాగితం కోసం గొణిగేదాన్ని. నాలుగైదు సార్లకి దుకాణదారుకే అర్థమైంది. "దీదీకి చదివే కాగితం కావాలి, ఆగండి" అని హిందీలో గట్టిగా చెప్పి తనే వెతికి తీసేవాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగేవారు. పొట్లం అందుకుని బస్సు ఎక్కేదాకా నేను తల ఎత్తేదాన్ని కాదు.

ఇంటికి రాగానే పొట్లం విప్పి, జిగురు తడిగుడ్డతో తుడిచి, కాగితాన్ని పరుపు కింద పెట్టి చదును చేసేదాన్ని. నేను పుట్టింది ఈ దీవిలోనే, చదివింది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, నేల మీద బొగ్గుతో రాసి. చదవడం వచ్చాక చదవడానికి ఏమీ లేదని తెలిసింది. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు పుస్తకాలమ్మే దుకాణం నాకెక్కడా కనబడలేదు. ఇంట్లో ఉన్నవి వేదపుస్తకం, పాటల పుస్తకం. మా పాస్టరుగారిని అందరం అయ్యగారు అంటాం. ఆయన బీరువాలో ఉప్పుగాలికి బూజుపట్టిన వ్యాఖ్యానాలు మూడు ఉండేవి. ఆ మూడూ మూడేసి సార్లు చదివేశాను. నాకు ఇంకా కావాలనిపించేది. ప్రార్థనలో కూర్చుంటే మనసు ఎందుకు పారిపోతుంది, మనసులో కోపం ఉండగా క్షమించానని చెప్పడం అబద్ధమా, దేవుడు ఏమీ పలకనప్పుడు ఏం చేయాలి, ఇవన్నీ ఎవరైనా కూర్చోబెట్టి చెబితే బాగుండునని ఉండేది. అడగడానికి మాత్రం నోరు వచ్చేది కాదు.

ఆ పొట్లాల కాగితాల్లో అప్పుడప్పుడు క్రైస్తవ మాసపత్రికల పేజీలు దొరికేవి. ఒక ధ్యానం, ఒక సాక్ష్యం, పాఠకుల ప్రశ్నలకి జవాబులు. ఏదీ పూర్తిగా ఉండేది కాదు. ప్రశ్న నాకు దొరికితే జవాబు వేరే ఇంటికి చింతపండుతో వెళ్లిపోయేది. కొన్నాళ్లు బాధపడ్డాను. తర్వాత ఒక అలవాటు మొదలైంది. సగంలో తెగిపోయిన ధ్యానాన్ని ముందు పెట్టుకుని, మిగిలిన సగం ఏమై ఉంటుందో వేదపుస్తకం తీసి వెతుక్కుని నా డైరీలో నేనే రాసుకునేదాన్ని. ఒక్కో సగానికి వారం పట్టేది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను.

మా మామ్మకి తెలుసు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, దీవుల్లో పనులకి మనుషుల్ని తీసుకువెళ్తున్న రోజుల్లో మామ్మ, తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, చివరికి పోర్ట్‌బ్లెయిర్‌లోనే డాలీగంజ్‌లో ఇల్లు కట్టుకున్నారు. మామ్మకి అక్షరం రాదు. కాని చిన్నప్పుడు వాళ్ల పేటలో వేదపుస్తకం చదివి వినిపించే ఒకావిడ పక్కన కూర్చుని విని విని, కీర్తనలకి కీర్తనలు, అధ్యాయాలకి అధ్యాయాలు నోటికి పట్టేసింది. వయసు మీద పడి చెవులు మందగించాయి గాని జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

నేను టైపిస్టుగా ఉద్యోగంలో చేరిన ఏడాది క్రిస్మస్‌కి వైజాగ్ ఓడ రాలేదు. ఇంజిను మరమ్మతు అన్నారు. ఓడ రాకపోతే మాకు వచ్చే కష్టం బయటివాళ్లకి తెలియదు. మా తెలుగు సంఘాల్లో జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు తీస్తాం. పళ్లెంలో బోర్లించి ఉన్న కార్డుల్లోంచి ఒక్కొక్కరు కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద అచ్చు వేసి ఉన్న వచనమే ఆ సంవత్సరమంతా దేవుడు ఆ మనిషికి ఇచ్చిన మాట. అద్దం అంచున గుచ్చుకుంటారు, బీరువా తలుపు లోపల అంటించుకుంటారు. ఆ కార్డులు ఏటా వైజాగ్ ఓడలోనే రావాలి.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. మొదట లేచింది సంఘపెద్ద. హార్బరులో వడ్రంగం చేసి రిటైరైనవాడు. మేమంతా పెద్దయ్య అంటాం. మా గుడిలో ఉదయం ఏడింటికి తెలుగు ఆరాధన, తొమ్మిదింటికి హిందీ ఆరాధన. రెండూ అయ్యగారే జరిపిస్తారు.

"ఉన్నమాట చెప్తాను, కోప్పడకండి," అన్నాడు పెద్దయ్య. "నా మనవలు ఏడింటికి వస్తే నిద్రపోతారు, తొమ్మిదింటికి వస్తే చప్పట్లు కొడతారు. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు మాటాడతారు గాని చదవలేరు. చదవలేని భాషలో దేవుడి దగ్గర ఎలా ఎదుగుతారు? పుస్తకాలు లేవు, ఆఖరికి కార్డులు కూడా లేవు. రెండు ఆరాధనలూ కలిపేద్దాం, తొమ్మిదింటికి."

చాప మీద కూర్చున్న మామ్మ నా మోచేయి పట్టుకుని అడిగింది. "ఏటంటన్నాడు?"

చెవి దగ్గర చెప్పాను. మామ్మ కూర్చున్నచోటి నుంచే గొంతెత్తింది. "కలిపేత్తే నా గతేటి బాబూ? నాను దేవుడితో హిందీలో మాటాడనేను."

కొందరు నవ్వారు. మామ్మ నవ్వలేదు. నా మోచేయి ఇంకా వదలలేదు. దీవిలో ముప్పై ఏళ్లుగా ఆమెకి అర్థమయ్యే మాట నలుగురి మధ్య వినబడే చోటు అదొక్కటే.

ఒక్క ఏడాది గడువు ఇద్దామని అయ్యగారు మధ్యేమార్గం చెప్పారు. పెద్దయ్య కొంచెం ఆలోచించి ఒప్పుకున్నాడు. "సరే, ఒక్క ఏడాది చూద్దాం. వచ్చే క్రిస్మస్‌కి ఈ దీవిలో పుట్టినవాళ్లు ముగ్గురు లేచి నిలబడి ఆరాధనలో చదివే వేదపుస్తకం పాఠాలు మూడూ తెలుగులో చదవాలి. చదివితే ఏడింటి ఆరాధన ఎక్కడికీ పోదు. లేదంటే జనవరి నుంచి అందరం తొమ్మిదింటికే."

"మామ్మ మనవరాలికి చదవడం వచ్చు కదా," అన్నారెవరో.

"వస్తే ఏం లాభం? నోరు విప్పితే కదా," అన్నాడు పెద్దయ్య. ఈసారి అందరూ నవ్వారు. పదహారేళ్లప్పుడు నన్ను పాఠం చదవమని నిలబెడితే మొదటి మాట దగ్గరే గొంతు పూడుకుపోయి కూర్చుండిపోయాను. అది ఎవరూ మరిచిపోలేదు, నాతో సహా.

తర్వాత అయ్యగారు కార్డుల సంగతి ఎత్తారు. చేత్తో రాయడానికి మంచి దస్తూరి ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. నేను చాప అల్లిక చూస్తూ కూర్చున్నాను.

"మా గుంట రాస్తాది," అంది మామ్మ. "దినం ఇంత లావు పుస్తకంలో గీకుతాది. నాకు ఇనబడదు గాని కనబడదేటి?"

అలా నా మీద పడింది. ఆరు రోజుల్లో నూట ఇరవై కార్డులు. అట్ట కోసం ఇళ్లలో దాచుకున్న పాత క్రిస్మస్ కార్డులు అడిగి తెచ్చి ముక్కలుగా కత్తిరించాను. ఒక ముక్క వెనక సగం నక్షత్రం, ఇంకోదాని వెనక గొర్రె కాళ్లు, మరోదాని వెనక ఒక జ్ఞాని తలపాగా. ఖాళీ వైపున వచనం రాయాలి. నాకు ఆ పని పండుగలా ఉండింది. వేదపుస్తకమంతా తిరగేసి, మామూలుగా కార్డుల మీద రాని వచనాలు, నన్ను నిలబెట్టిన వచనాలు ఏరుకున్నాను. పొడవైన వచనాలే నాకు నచ్చాయి. ఆఫీసులో టైపు కొట్టి వచ్చిన వేళ్లతో సాయంత్రాలు రాసేదాన్ని. చివరి రోజు మధ్యాహ్నానికి ఎనభై అయ్యాయి. నలభై మిగిలాయి. చేయి లేవడం లేదు. అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. పుస్తకం పేరు, అధ్యాయం, వచనం అంకెలు రాసేస్తే చాలదా? ప్రతి ఇంట్లో వేదపుస్తకం ఉంది. ఇంటికెళ్లి తీసి చూసుకుంటారు. వెతుక్కుని చదివితే ఇంకా బాగుంటుంది కూడా. నలభై కార్డుల మీద చిరునామాలు మాత్రమే రాసి, కింద పూలతీగ గీసి, సంతోషంగా పళ్లెంలో కలిపేశాను.

పుస్తకాల మధ్య బతికే మనిషి చేసే తప్పు అది. ఇంట్లో వేదపుస్తకం ఉన్నంతమాత్రాన చదివేవాళ్లు ఉన్నట్టు కాదని నాకు తోచలేదు.

జనవరి ఒకటిన మొదట బాగానే జరిగింది. వచనం రాయని కార్డు మొదటిది మా వీధి బస్సు డ్రైవరన్న చేతికి వచ్చింది. ముప్పైకి దగ్గరపడ్డ మనిషి, ఇక్కడే పుట్టాడు, నవ్వించకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"క్యా చెల్లెమ్మా, నాకు బండి నంబర్ ప్లేట్ ఇచ్చినావేటి? పైన అక్షరాలు, కింద నంబరు!"

గుడి గొల్లుమంది. ఇంకో మూల నుంచి మరొకరు కార్డు ఎత్తి చూపించారు, ఆ వెనక మరొకరు. ఎవరికి అలాంటి కార్డు వచ్చినా నవ్వు. పెద్దయ్య మాత్రం నవ్వలేదు. "వాగ్దానం అడిగితే అడ్రసు చేతిలో పెట్టావు తల్లీ," అన్నాడు. తొమ్మిదింటి ఆరాధనకి కలకత్తా నుంచి వచ్చిన అచ్చు కార్డులు అప్పటికే బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. ఆయన వాటి వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆ చూపే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. మామ్మ ఆరాధనని నా చేత్తో నేనే ఒక మెట్టు కిందికి తోసినట్టు అనిపించింది.

ఇంటికొచ్చి, ఆ నలభై వచనాలూ పూర్తిగా రాసి ఇంటింటికీ చేరవేద్దామని కూర్చున్నాను. నాలుగో రోజుకి అన్నీ అయ్యాయి. ఆ మధ్యాహ్నమే డ్రైవరన్న మా గుమ్మంలోకి వచ్చాడు. కాకీ చొక్కా జేబులోంచి కార్డు తీశాడు.

"మీ వదిన చూసి రమ్మన్నాది, నా నంబర్ ప్లేట్ మీద ఏటుందో," అన్నాడు.

నేను రాసి ఉంచిన కొత్త కార్డు తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశాడు. ఎంతసేపు చూశాడంటే నాకు అప్పుడు అర్థమైంది. చదవడం లేదు, చూస్తున్నాడు. ముఖంలో ఆటపట్టించే నవ్వు పోయింది. కార్డు నాకే తిరిగి ఇచ్చాడు.

"రాసి ఇచ్చేయకమ్మా. ఎవరో ఒకరు చదివి పెడతారు, ఇంటాను, మర్చిపోతాను. ముప్పై ఏళ్లు అదే సేసినాను. పుస్తకంలో ఎక్కడుందో చూపించు. నా వేలు పెట్టి చూపించు."

వేదపుస్తకం తెచ్చి ఆ పేజీ తీశాను. మాట్లాడడానికి సిగ్గుపడి, ఆయన వేలు ఎక్కడ పెట్టాలో నా వేలితో చూపించాను. పైకి చదవాలంటే గొంతు రాలేదు. వరండాలో బియ్యం ఏరుతున్న మామ్మ దగ్గరికి వెళ్లి, అది ఫలానా ప్రవక్త మాట అని, వచనంలో మొదటి రెండు మాటలు చెవిలో చెప్పాను. మామ్మ చేట పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, ఆ వచనం మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. డ్రైవరన్న ఉలిక్కిపడ్డాడు.

"అరే! ఇది నాకు తెలుసు! మా అమ్మ జ్వరమొచ్చినప్పుడు సెప్పేది. దేవుడు తోడున్నాను అంటాడు, అదే కదా? ఇందులో తోడు ఎక్కడుంది?"

చూపించాను. ఆయన ఆ రెండక్షరాలనీ చాలాసేపు చూశాడు. తర్వాత వేలు జరుపుకుంటూ పేజీ అంతా వెతికాడు. "ఇదిగో ఇక్కడ ఇంకో తో. ఇదిగో, ఇక్కడా ఉంది!" కిందికి దిగి బస్సెక్కి వెళ్లిపోయేలోపు ఆ పేజీలో పదకొండు పట్టుకున్నాడు. మామ్మకి విషయం అర్థమై నవ్వింది. "ఎర్రిబాబు, సేపలు పట్టినట్టు పడతన్నాడు," అంది.

అదే మా పాఠశాల అయింది. నేను కొత్తగా రాసిన కార్డులు పంచనేలేదు. శనివారాలు మధ్యాహ్నం మూడింటికి. ఇక్కడ ఐదున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి అంతకంటే ఆలస్యం కుదరదు. రెండో వారం డ్రైవరన్న భార్యని తీసుకొచ్చాడు, ఆవిడా ఈ దీవిలో పుట్టిందే. నెల తిరిగేసరికి చిరునామా కార్డులు వచ్చినవాళ్లలో తొమ్మిదిమంది మా వరండాలో ఉన్నారు. పెద్దయ్య మనవరాలు కూడా వచ్చింది, కాలేజీ పిల్ల. తాతకి తెలియకుండా. "దీదీ, అమ్మతోడు, ఎవరికీ చెప్పొద్దు, నవ్వుతారు," అంది. మేము నేర్పిన పద్ధతి ఏ బడిలోనూ లేదు. అక్షరం రాని మామ్మ వచనం చెబుతుంది. అక్షరం వచ్చిన నేను పలకకుండా వేలు పెడతాను. వాళ్లు విన్నదాన్ని చూసినదానితో జత చేసుకుంటారు. మాట ముందే తెలుసు కాబట్టి అక్షరం దానంతటదే దొరికేది.

చదివే కాగితాలు కావలసి వచ్చాయి. నేను ఏళ్లుగా దాచుకున్న పొట్లాల కాగితాలన్నీ తెచ్చి పరిచాను. అవి చాలలేదు. అప్పుడు డ్రైవరన్న భార్య, మా వదిన, ఒక సంగతి గుర్తు చేసింది. పాతవాళ్లు ఓడెక్కి వచ్చినప్పుడు తెచ్చుకున్న ట్రంకుపెట్టెల అడుగున కాగితాలు పరిచి ఉంటాయి కదా! ఆ వారం మా వీధిలో పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ముప్పై ఏళ్ల కిందటి తెలుగు కాగితాలు, కర్పూరం వాసన వేస్తూ, మా వరండాలోకి వచ్చాయి. ఒక పెట్టె అడుగున ఒక సంఘ పత్రిక మొత్తం దొరికింది, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. నేను ముందుగా పాఠకుల ప్రశ్నల పేజీ తీశాను. జవాబు కూడా ఉన్న ప్రశ్న చూడడం నాకదే మొదటిసారి.

వర్షాకాలం మధ్యలో ఒక రోజు వదిన సగం ధ్యానం ఉన్న కాగితం కూడబలుక్కుని చదివింది. క్షమించడం గురించి. ఆమెకీ తోడికోడలికీ రెండేళ్లుగా మాటల్లేవని వీధంతా తెలుసు. చివరి వరుస దగ్గర కాగితం అయిపోయింది.

"మిగతాది ఏది?" అంది.

"లేదు వదినా."

"లేదంటే ఎలాగ? ఇంతదాకా తెచ్చి ఒగ్గేత్తాడేటి? ఏటి సెయ్యమన్నాడు మరి?"

ఆ మిగతాది నా డైరీలో ఉంది. చెప్పకుండా ఉందామనుకున్నాను. ఆమె కళ్లలో నీళ్లు చూశాక దాచలేకపోయాను. లోపలికెళ్లి డైరీ తెచ్చాను. "ఇది పత్రికలోది కాదు. నేనే రాసుకున్నాను. తప్పైతే..."

"నువ్వు రాస్తే ఏటైంది? సదువు."

రేకుల కప్పు మీద వాన దబదబా కురుస్తోంది. గొంతు చించుకుంటే తప్ప పక్కవాళ్లకి వినబడదు. చదవడం మొదలుపెట్టాను. వినబడలేదన్నారు. ఇంకా గట్టిగా చదివాను. మామ్మ చెవికి చేయి అడ్డం పెట్టుకుని ముందుకి వంగింది. ఇంకా గట్టిగా చదివాను. క్షమించాలన్న కోరిక కూడా లేనివాళ్లు ఆ కోరిక ఇమ్మని అడగడంతో మొదలుపెట్టవచ్చని నేను రాసుకున్న నాలుగు మాటలు వానలోకి అరిచి చెప్పాను. ముగించాక నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తర్వాతి శనివారం వదిన తోడికోడలిని వెంటబెట్టుకుని వచ్చింది.

క్రిస్మస్ దగ్గరపడింది. మూడు పాఠాలూ పంచుకున్నాం. మొదటిది పెద్దయ్య మనవరాలు, రెండోది వదిన, మూడోది, అన్నిటికన్నా పొడుగుది, డ్రైవరన్న. గొర్రెల కాపరులకి దూత కనబడే భాగం. స్టీరింగు ముందు పేజీ అతికించుకుని నెల రోజులు దాన్ని సాధన చేశాడు. సిగ్నలు లేని ఊళ్లో కూడా ఆగి ఆగి నడుపుతున్నాడని ప్రయాణికులు తిట్టుకున్నారట.

క్రిస్మస్ తెల్లవారుజామున వైజాగ్ ఓడ వచ్చింది. ఏడాదంతా మేము ఎదురుచూసిన ఓడ అదే రోజు రావాలా! జెట్టీ నుంచి జనాన్ని ఊళ్లోకి చేర్చడానికి బస్సులన్నిటినీ రమ్మన్నారు. ఏడింటికి ఆరాధన మొదలైంది. డ్రైవరన్న లేడు.

పెద్దయ్య మనవరాలు లేచింది. పెద్దయ్య ముందు వరుసలో ఉన్నాడు. ఆ పిల్ల పెద్ద బల్ల దగ్గర నిలబడి మొదటి మాట పలకగానే ఆయన తల ఎత్తి చూశాడు. చదివింది తన మనవరాలేనని నమ్మడానికి కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. రెండోది వదిన చదివింది. ఒక చోట తడబడింది, మళ్లీ మొదలుపెట్టింది, దాటింది. "మూడో పాఠం," అన్నారు అయ్యగారు.

గుమ్మం వైపు చూశాను. ఎవరూ రాలేదు. మామ్మ ఏమీ వినబడక, అందరి ముఖాలూ చూస్తూ, నా మోచేయి పట్టుకుంది. ఏడాది కిందట పట్టుకున్నట్టే. ఆ చేయి తీసి ఆమె ఒళ్లో పెట్టి నేను లేచాను.

పెద్ద బల్ల దగ్గరకి నడిచిన దూరం నాకు గుర్తులేదు. పేజీ తెరిచే ఉంది. పదహారేళ్లప్పుడు ఆగిపోయిన చోటే గొంతు మళ్లీ పూడుకుపోయింది. అప్పుడు వానని తలుచుకున్నాను. తల పైన రేకుల మీద వాన పడుతోందనుకున్నాను. వెనక వరుసలో ఒక ముసలావిడ చెవికి చేయి అడ్డం పెట్టుకుని ఉందనుకున్నాను. ఆమె నిజంగానే ఉంది. మొదలుపెట్టాను. కాపరులు భయపడ్డారు, దూత భయపడవద్దన్నాడు, వాళ్లు లేచి వెళ్లి చూశారు, చూసినదాన్ని అందరికీ చెప్పారు. చివరిదాకా చదివాను. మామ్మ పెదవులు నాతోపాటు కదులుతూనే ఉన్నాయి.

నేను పుస్తకం మూయబోతుండగా బయట బస్సు హారను మోగింది. కాకీ బట్టల్లో డ్రైవరన్న పరుగున లోపలికొచ్చాడు. నేను బల్ల దగ్గర ఉండడం చూసి ఆగిపోయాడు. ముఖం చిన్నబోయింది.

"అయిపోనాదా?"

అయ్యగారు పుస్తకం ఆయన వైపు తిప్పి, "నీది నువ్వు చదువు నాయనా," అన్నారు.

గేటు బయట బస్సు నిండా ఓడ దిగిన జనం. ట్రంకులు, మూటలు, చంకల్లో పిల్లలు. "డ్రైవర్ భయ్యా, చలో!" అని ఎవరో అరిచారు. డ్రైవరన్న కిటికీలోంచి చేయి ఊపాడు. "పాంచ్ మినట్, భయ్యా! నేను సదవాలి!" తర్వాత అరచేయి ప్యాంటుకి తుడుచుకుని వేలు పేజీ మీద పెట్టాడు. ఒక్కో మాటా నేల మీద రాయి పెట్టినట్టు పెట్టాడు. ఒక పొడవైన పేరు దగ్గర ఆగాడు. గుడి మొత్తానికి ఆ పేరు ఏమిటో తెలుసు, అప్పుడే నా నోట విన్నారు. ఒక్కరూ అందించలేదు. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డ్రైవరన్న పెదవులు తడుపుకుని, ముక్కలు చేసి, మళ్లీ కలిపి, ఆ పేరు పలికాడు. గుడి ఒక్కసారిగా ఊపిరి వదిలింది. బస్సులో జనం కూడా కిటికీల్లోంచి వంగి వింటున్నారు. వైజాగ్ నుంచి దిగిన ఒక ముసలాయన, ఎవరో ఏమిటో తెలియకుండానే, చివర్లో గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఆ క్రిస్మస్‌కి మా సంఘం ఒకే పాఠాన్ని రెండుసార్లు విన్నది. "రెండుసార్లు ఇంటే అరిగిపోద్దేటి?" అంది మామ్మ. పెద్దయ్య లేచి నిలబడ్డాడు. మనిషి మాట తప్పేవాడు కాదు. "ముగ్గురు అన్నాను, నలుగురు చదివారు," అన్నాడు. "ఏడింటి ఆరాధన ఏడింటికే." కూర్చోబోతూ మనవరాలి వైపు తిరిగి, "నాకు చెప్పకుండానా!" అన్నాడు. గొంతులో కోపం పెట్టబోయి పెట్టలేకపోయాడు.

ఆ ఓడలో అచ్చు కార్డులు కూడా వచ్చాయి. గులాబీలు, బంగారు అంచులు. జనవరి ఒకటిన అయ్యగారు రెండు పళ్లాలు పెట్టారు. ఒకదానిలో అవి. రెండోదానిలో మా శనివారం వాళ్లందరూ కలిసి రాసినవి. వచనాలు లేవు, చిరునామాలే. అక్షరాలు కొన్ని కొండెక్కాయి, కొన్ని లోయలోకి దిగాయి. డ్రైవరన్న అందరికన్నా ముందు వెళ్లి, "నాకు నంబర్ ప్లేటే కావాలి," అని మా పళ్లెంలో చేయి పెట్టాడు. ఆ వెనక వచ్చినవాళ్లలో చాలామంది అటే తిరిగారు. గులాబీలు చాలావరకు పళ్లెంలోనే మిగిలాయి.

పెద్దయ్య రెండు పళ్లాల ముందూ ఆగాడు. కళ్లు మూసుకుని మాదానిలోంచి ఒకటి తీశాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, దించి, వంకర అక్షరాలు చూసి అది డ్రైవరన్న చేతిరాత అని పోల్చి, నా వైపు తిరిగాడు.

"ఈ అడ్రసు ఎక్కడమ్మా?"

గుడి నిండా జనం. అందరూ నా వైపే చూస్తున్నారు.

"వెతుక్కోవాలి పెద్దయ్యా," అన్నాను, వెనక వరుసలో మామ్మకి కూడా వినబడేలా. "మీరే వెతుక్కోవాలి."